కబురు లేని పరుగు

తెల్లవారకముందే ఒక మనిషి ఊరి మీదుగా ఉరికాడంటే బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో దానికి ఒకటే అర్థం. ఎవరో పోయారు. అందుకని సీమోను మారథాన్ కోసం తాలీం మొదలుపెట్టిన మొదటి వారం, కాలువ కట్ట వెంబడి ఉన్న పల్లెలన్నిటిలోనూ పొద్దున్నే గందరగోళం అయింది. ముసలమ్మలు చేతిలో చీపురు చేతిలోనే ఉంచుకుని వాకిట్లోకి వచ్చారు. నోట్లో యాపపుల్ల ఉన్నవాళ్లు ఉమ్మేసి ఎదురొచ్చారు. "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగారు. "ఎవ్వలు పోలే, ఊకెనే ఉరుకుతున్న" అంటే ఒక్కరూ నమ్మలేదు. చెప్పడానికి నోరు రాక దాస్తున్నాడనుకుని ఇంకా బతిమాలారు. ఎల్లవ్వ అనే ఆమె భర్తను బోధన్ దవాఖానలో చేర్పించారు. ఆమె సీమోనును చూస్తూనే నేల మీద కూలబడి శోకం అందుకుంది. నీ పెనిమిటికేం కాలేదవ్వా, నేను ఉత్తగనే ఉరుకుతున్నానని ఒప్పించేసరికి పొద్దెక్కింది. ఆ రోజు పరుగు అక్కడితో సరి.

ఓపిక ఉంటే ఇవన్నీ నవ్వుకోవాల్సిన సంగతులే. సీమోనుకు ఆ ఓపిక లేదు.

అతనికి ముప్పై నాలుగేళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చలికాలం వచ్చిందంటే చెరుకు నరకడం మొదలవుతుంది, ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ రోడ్డు పొడవునా బారులు తీరుతాయి, ఊళ్లన్నీ మొలాసిస్ వాసన కొడతాయి. బండి మీది చెరుకును కొక్కెంతో లాగి, మిషన్లోకి పోయే పట్టా మీద పడేయడం సీమోను పని. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి దిగుతాడు. ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటే, కళ్లు మూతపడ్డాయో లేదో కోడి కూస్తుంది. ఆ వేళకు బుద్ధి ఉన్నవాడెవడైనా దుప్పటి మీదికి లాక్కుంటాడు. ఇతను దుప్పటి తీసేసి, మంకీ టోపీ పెట్టుకుని, చలికి బిర్రబిగిసిన కాన్వాస్ బూట్లలో పాదాలు దూరుస్తాడు. పిక్కలు పట్టేసి ఉంటాయి. భుజాలు నిన్నటి చెరుకు బరువు ఇంకా దించి ఉండవు. "ఈ పిచ్చేందో సీజన్ అయినంక పెట్టుకోరాదు?" అంటుంది భార్య శారమ్మ దుప్పట్లోంచే. పందెం ఫిబ్రవరిలో. పట్నం వాళ్లు శారమ్మను అడిగి తారీకు పెట్టలేదు.

ఈ పిచ్చి అంటించినవాడు ఎజాజ్. బోధన్ బస్టాండ్ పక్కన అతనికి సైకిల్ దుకాణం ఉంది. వయసులో పోలీసు నౌకరీకి పోయి, పరుగులో అందరికంటే ముందొచ్చి, ఛాతీ కొలతలో అర అంగుళం తక్కువై తిరిగొచ్చాడు. అప్పటినుంచీ పరుగంటే పడి చస్తాడు, తను మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యడు. పంద్రాగస్టు ఆటల్లో సీమోను ఉరికి స్టీలు బిందె గెలుచుకోవడం చూశాడు. ఉర్దూ పేపర్లో హైదరాబాద్ మారథాన్ సంగతి చదివాడు. రెండూ కలిపి సీమోను ప్రాణం మీదికి తెచ్చాడు.

"ఇరవై ఆరు మైళ్లు భాయ్. ఏం లేదు, బోధన్ నుంచి నిజామాబాద్ పోవుడు, ఆడ చాయ్ గూడ తాగకుండ సగం కన్న ఎక్కువ వాపస్ వచ్చుడు. గంతే!" అన్నాడు ఎజాజ్, తను రోజూ చేసే పని అయినట్టు. కుస్తీవాళ్ల లెక్కన దానికి తాలీం అని పేరు పెట్టాడు. అరటిపండ్లు తినాలన్నాడు, ఖర్జూరాలు తినాలన్నాడు, నూనె వస్తువులు ముట్టొద్దన్నాడు. సైకిల్ మీద పోయి కాలువ కట్ట కొలిచి, ఏ తూము దగ్గరికి ఎంత దూరమో చెప్పాడు.

బిందె గెలిచిన ఊపులో సీమోను ఒప్పుకున్నాడని అందరూ అనుకున్నారు. అది కాదు. దానికి వాళ్ల బాపు కథ తెలియాలి.

సీమోను తండ్రి మోషే ఆ ఊరి కబురు మనిషి. పటేల్ ఇంట్లోగానీ ఇంకో పెద్దింట్లోగానీ ఎవరు పోయినా, బంధువులున్న ఊళ్లకు ఉరికి చెప్పి రావడం ఆ కుటుంబానికి పట్టిన వెట్టి. మోషే తండ్రి ఉరికాడు, మోషే ఉరికాడు. తర్వాత బాప్తిస్మాలయ్యాయి, పేర్లు మారాయి, వాడలో పెంకుల చర్చి లేచింది, వెట్టి నేరమని చట్టం వచ్చింది. మోషే మాత్రం ఉరుకుతూనే ఉన్నాడు. ఎండలో, వానలో, ఒళ్లు కాలిపోయే జ్వరంలో తండ్రి తువ్వాల తలకు చుట్టుకుని పరుగందుకోవడం సీమోను చిన్నప్పటినుంచీ చూశాడు. తిరిగొచ్చి గడప ముందు కూలబడ్డ తండ్రి పాదాల మీద తల్లి వేణ్ణీళ్లు పోస్తుంటే చెంబు అందించాడు. తమ ఇంట్లో మగవాళ్లందరూ ఉరికినవాళ్లే. ఒక్కడు కూడా తన కోసం ఉరకలేదు. ఎవరూ పంపకుండా, ఎవరి మాటా మోసుకుపోకుండా ఒక్కసారి ఉరకాలని సీమోనుకు మనసులో ఉంది. గెలుపు అక్కర్లేదు. ఆఖరున వచ్చినా సరే, ఆ పరుగు మాత్రం తనది కావాలి. ఈ మాట అతను ఎజాజ్‌కు చెప్పలేదు, శారమ్మకు చెప్పలేదు, తండ్రికైతే అసలే చెప్పలేదు.

మోషేకు కొడుకు పరుగు గిట్టలేదు. "ఉరికి ఉరికి నేనేం బాగుపడ్డ? నువ్వు ఒక్కతాన నిలవడి పని జేస్తవని ఫ్యాక్టరీల పెట్టిచ్చిన. ఉరికెటోనికి ఇజ్జత్ ఉండది సీమోనూ" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత కొడుకు పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కుంటున్నప్పుడల్లా మోషే కూడా మేలుకునే ఉండేవాడు, కానీ ఇటు తిరిగేవాడు కాదు.

రెండో వారానికల్లా పల్లెలకు సంగతి అర్థమైంది. ఈ మనిషి చావు కబురు తేవడం లేదు, ఇతనికి ఇదొక సరదా. తెలిశాక వదిలిపెట్టొచ్చు కదా. మనిషి ఖాళీ చేతులతో ఉరుకుతుంటే చూసి ఊరుకునే గుణం మన జనానికి ఎక్కడిది! "ఎట్లాగు ఉరుకుతనే ఉన్నవ్ గద" అనే మాట మొదలైంది. ముందు ఎల్లవ్వే అంది. దవాఖానలో ఉన్న భర్తకు జొన్నరొట్టెల గిన్నె ఇచ్చిరమ్మంది. ఆమెను అంతగా భయపెట్టినవాడు కాదంటే బాగుంటుందా? సీమోను గిన్నె పట్టుకుని ఉరికాడు. గిన్నె చేతిలో ఉంటే చెయ్యి ఊగదు, చెయ్యి ఊగకపోతే అడుగు పడదు. ఆ మర్నాడు ఇంకెవరో ట్రాక్టర్ డ్రైవర్‌కు చెప్పమని ఒక మాట ఇచ్చారు. ఇంకొకరు తప్పిపోయిన మేక కనబడితే మళ్లేసుకు రమ్మన్నారు. మేక కనబడింది కూడా.

మూడో వారంలో పటేల్ దృష్టి పడింది. పటేల్‌గిరీని సర్కారు తీసేసి పదేళ్లు దాటింది గానీ, బాలనర్సయ్య పేరు వెనక ఆ మాటను తీసెయ్యడం ఎవరివల్లా కాలేదు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. తిట్టడు, కొట్టడు, నవ్వుతూనే పని చెబుతాడు. వయసులో ఇరవై ఏళ్లు పెద్దవాడైన మోషేను "ఏమ్రా" అనే పిలుస్తాడు, అందులో తప్పుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

"సీమోనూ, ఎట్లాగు తూము దాక పోతున్నవ్ గద. మా చెరుకు దిక్కు నీళ్లిడువుమని నీరడికి చెప్పు" అన్నాడు.

నిజాంసాగర్ కాలువ నీళ్లను వంతులవారీగా వదిలేవాడు నీరడి. సీమోను వెళ్లేసరికి తూము దగ్గర నీరడి లేడు. వచ్చేదాకా కాచుకున్నాడు. ఒంటి మీది చెమట ఆరి చల్లబడింది, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నీరడి తీరిగ్గా వచ్చి, విని, సరేనన్నాడు. మళ్లీ ఉరుకుదామంటే మోకాళ్లు మొరాయించాయి. నడిచే ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం డ్యూటీలో నిలబడే కునికాడు. కొక్కెం జారి ముంజేయి గీరుకుపోయింది. ఆదివారం చర్చిలో పాస్టర్ ప్రసంగం మధ్యలో గురక పెట్టాడు. పాస్టర్ ఆగాడు, జనం తిరిగి చూశారు, శారమ్మ తొడ మీద గిల్లింది. మనిషి చెంపలు లోపలికి పోయాయి. అన్నం ముందు కూర్చుంటే ముద్ద నోటి దాకా ఎత్తడం కూడా ఒక పనిలా అనిపిస్తోంది. ఎవరి కోసం ఇదంతా అని తనను తాను అడిగితే, పొద్దున మోసిన గిన్నె గుర్తొచ్చింది, నీరడి గుర్తొచ్చాడు. తన కోసం అని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఎజాజ్‌కు తెలిసి నిప్పులు కక్కాడు. "ఇది తాలీమా, డాక్‌ఖానానా? నడిమిట్ల ఆగితే కాలు ఖరాబైతది భాయ్. పోను, నా పని నాకుందని చెప్పరాదు?"

"ఎట్ల చెప్తం ఎజాజ్ భాయ్? చిన్న పనే గద."

"చిన్న పనే. గందుకే చెప్పాలె. పెద్ద పని అడిగిన్నాడు ఇగ నీకు నోరు రాదు."

ఆ మాట అని ఊరుకోలేదు ఎజాజ్. సీమోను సెలవు రోజుకు మొదటి పెద్ద పరుగు పెట్టాడు. ఎర్రకుంట దాకా పోయి రావాలి, మొత్తం పదిహేను మైళ్లు. "ఆగకుండ పోయి వచ్చినవంటే పట్నం పోతవ్. ఆగినవంటే ఇదంత ఇడిచిపెట్టి ఇంట్ల పండుకో. నాకూ సైకిళ్లున్నయ్, పంక్చర్లున్నయ్." సీమోనూ గట్టిగానే అనుకున్నాడు. ఆ ఒక్క రోజు ఎవరు పిలిచినా ఆగేది లేదు. ఆగితే ఈ పరుగు కూడా తాతల పరుగుల్లో కలిసిపోతుంది, అంతటితో వదిలేయాల్సిందే.

ఆ పొద్దున పొగమంచు చర్చి గోడ అవతల ఏమీ కనబడనివ్వడం లేదు. సీమోను గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే వాడ మొదట్లో బ్యాటరీ లైటు వెలిగింది. పటేలే స్వయంగా వచ్చాడు. కంబళి కప్పుకుని ఉన్నాడు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాడలోపలికి రాకుండా చర్చి గోడ దగ్గరే నిలబడ్డాడు.

"సీమోనూ, మా అవ్వ పోయిందిరా."

పటేల్ తల్లి భీమవ్వ ఎనభై దాటిన మనిషి. చిన్నప్పుడు సీమోను వాళ్ల కల్లంలో పనికి పోతే బెల్లం పెట్టేది. చెయ్యి తాకకుండా పైనుంచే వదిలేది, అయితే వదిలేది పెద్ద ముక్కే. సీమోనుకు నిజంగానే బాధేసింది. లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎర్రకుంట దాక ఉరుకుతున్నవంట గద" అన్నాడు పటేల్. "ఎట్లాగు పోతున్నవ్, మా గోదావరి అక్కకు చెప్పు. జల్ది పో."

భీమవ్వ పెద్ద కూతురు గోదావరిని ఎర్రకుంటకే ఇచ్చారు. సీమోను నోరు తెరిచాడు. ఎజాజ్ అన్నది అన్నట్టే అయింది. చచ్చినామె బిడ్డకు కబురు చెప్పనని ఏ నోటితో అంటాడు? ఎదురుగా తల్లిపోయిన కొడుకు నిలబడి ఉన్నాడు. సరే అన్న మాట పెదాల దాకా వచ్చింది. అప్పుడు అరుగు మీది మంచం కిర్రుమంది.

"వాడు పోడు పటేలా" అన్నాడు మోషే.

డెబ్బై ఏళ్లలో ఆ ఇంటికి మోషే కాదన్న మొదటి మాట అది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"వానికి తాలీం ఉన్నది. నేను పోత" అన్నాడు మోషే మళ్లీ.

"ఎవడో ఒకడు పోండ్రి. జర జల్ది" అని పటేల్ వెనుదిరిగాడు. దుఃఖంలో ఉన్న మనిషి, ఏదో అన్నాడు. అయినా ఆ "ఎవడో ఒకడు" సీమోనుకు చురుక్కుమని తగిలింది. మోషే అప్పటికే తువ్వాల తలకు చుట్టుకుని కర్ర అందుకున్నాడు. "నువ్వు ఉరుకు. నా దిక్కు సూడకు" అని మంచులోకి దిగి వెళ్లిపోయాడు.

సూడకు అన్నాడు గానీ, ఎర్రకుంటకు కాలిదారి ఒక్కటే, కాలువ కట్ట. సీమోను కాసేపు వాకిట్లోనే ఇటూ అటూ తిరిగాడు. తండ్రిని ముందు పోనిచ్చి, ఇక తప్పదని కట్ట ఎక్కి పరుగందుకున్నాడు. మొదటి తూము రాకముందే మంచులో తండ్రి వీపు కనబడింది. మోషే నడవడం లేదు. కర్ర చంకలో పెట్టుకుని, వంగిపోయిన నడుముతో, పాదాలు నేలకు రాసుకుంటూ ఉరుకుతున్నాడు. చూసేవాళ్లకు అది పరుగనిపించదు. ఆయన మాత్రం దాన్ని పరుగనుకునే ఉరుకుతున్నాడు. నాలుగంగల్లో సీమోను ఆ మనిషిని దాటేయొచ్చు. తన బరువు నెత్తినెత్తుకుని పోతున్న తండ్రిని ఏ కొడుకు దాటిపోతాడు?

"బాపూ, ఆగు. నేను బిరబిర పోయి చెప్పొస్త. నువ్వు ఇంటికి పో."

మోషే ఆగాడు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు చెప్పినవనుకో, ఇయ్యాల్టి సంది నువ్వే కబురు మనిషివి. నీ ఎన్క నీ కొడుకు. నేను చెప్పిన్ననుకో, అది నాతోనే పోతది. సమజైందా?"

సీమోను సమజైందన్నాడు గానీ, అడుగు కదపలేదు.

"ఉరుకు మరి."

"నిన్ను ఇడిచిపెట్టి ఉరక."

"అయితే నడువు. నా ఎన్క నడువకు, పక్కకు రా."

అలా ఇద్దరూ నడిచారు. మోషే నడక ఎంత? చెరుకు బండి కూడా వాళ్లను దాటి పోయింది. పెద్ద పరుగు రోజు పెద్ద నడక రోజైంది. ఎజాజ్ పెట్టిన షరతు ప్రకారం సీమోను ఆగిపోయినట్టే, ఇక పట్నం లేదు, పందెం లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది. తండ్రి మీద కోపమొచ్చింది, పటేల్ మీద వచ్చింది, చివరికి పాపం చచ్చిపోయిన భీమవ్వ మీద కూడా వచ్చింది. ఇంకో రెండు రోజులాగి పోతే ఏమయ్యేదని అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఉరికినప్పటికంటే నడుస్తుంటేనే కాళ్లు ఎక్కువ బరువెక్కాయి.

పొద్దు కొద్దిగా పైకొచ్చాక మోషే తనంతట తనే మాట్లాడాడు. "మా అవ్వ పోయిన్నాడు నేను భీమ్‌గల్ దిక్కు పోయిన్న, వేరేటోళ్ల కబురు పట్టుకోని. వాపసొచ్చేటాల్లకు రెండు దినాలాయె. ఇంటికొస్తే మట్టి గూడ ఇచ్చిండ్రు."

"నీకెవ్వలు చెప్పలేదా బాపూ?"

"ఎవలు చెప్తరు? కబురు జెప్పెటోన్ని నేనే గద. నాకు కబురు తెచ్చెటోడు లేకుండె."

ఈ మాట సీమోను ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. తండ్రి ఏడవలేదు. అన్నం ఉడికిందనో, బస్సు వచ్చిందనో చెప్పినట్టు చెప్పాడు. సీమోను ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరికీ అలవాటు లేని పని, రెండు బారల దూరం పోయాక ఎవరికి వారు వదిలేసుకున్నారు.

ఎర్రకుంటలో గోదావరి ఇంటి ముందు జీపు నిలబడి ఉంది. జీపు నిండా మనుషులున్నారు. గోదావరి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది, జుట్టు విరబోసుకుని ఉంది. ఆమె భర్త రామస్వామి వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. వీళ్లను చూడగానే చేతులెత్తేశాడు.

"వచ్చిండ్రా! గిదేం రాకడ? ఉరికెటోన్ని తోలుతున్న అని చెప్పె గద బామ్మర్ది ఫోన్ల!"

మోషే కర్ర మీద వాలి నిలబడ్డాడు. "ఫోన్ వచ్చిందా అయ్యా?"

"కోడి కుయ్యంగనే వచ్చింది. కబురు మనిషి రాకుండ ఇల్లు కదలొద్దని మా అవ్వ అడ్డం కూసున్నది. పాత కాలపు మనిషి, ఇంటదా? లేకుంటే ఎప్పుడో ఆడ ఉంటుంటిమి."

పటేల్ ఇంట్లో ఫోన్ పెట్టించి ఏడాది దాటింది. ఆ తీగలు లాగిన రోజు గుంతలు తవ్వింది ఈ వాడవాళ్లే. మోషేకూ తెలుసు, సీమోనుకూ తెలుసు. తెల్లవారుజామున చర్చి గోడ దగ్గర ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికి కూడా తట్టలేదు. పటేల్ వచ్చి పొమ్మనగానే, ఇద్దరూ ఎవరు పోవాలని కొట్లాడుకున్నారే తప్ప, ఎందుకు పోవాలని అడగలేదు.

లోపల మంచం మీద రామస్వామి తల్లి దర్వాజా వైపే చూస్తూ కూర్చుని ఉంది. మోషేకు ఆ చూపు అర్థమైంది. వాకిట్లోనే ఆగి, తలకు చుట్టిన తువ్వాల విప్పి, "మీ అవ్వ పోయింది గోదారమ్మా" అన్నాడు. అందరికీ తెలిసిన మాటే. అయినా అది ఆయన నోటి నుంచి వచ్చాకే ముసలామె తల ఊపింది. అప్పుడు గోదావరి గొల్లుమంటూ లేచింది. జీపు దగ్గర ఆగి మోషే వైపు చూసింది. "జర జల్ది వస్తే మా అవ్వ మొకం ఇంకింత సేపు సూసుకుందు మోషే" అంది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నయముండేది. జీపు కదిలింది. అది వీళ్ల ఊరికే పోతోంది, రమ్మని ఎవరూ అనలేదు.

మోషే ఊరి బయటి కల్వర్టు మీద కూర్చున్నాడు. సీమోను బోరింగు కొట్టి తువ్వాల తడిపి తెచ్చి తండ్రి పాదాలు తుడిచాడు. మడమలు పగిలి నెత్తురు చెమ్మ ఉంది. సీమోనుకు ఒళ్లంతా మంటగా ఉంది. ఒక మనిషి ఉరికొస్తేనే చావుకు మర్యాద అనుకునే ఆ ఇళ్ల మీద, ఆ మర్యాద కోసం తల్లి శవం దగ్గరికి పోకుండా కన్నబిడ్డను కూర్చోబెట్టిన తెలివి మీద, అందులో భాగమైన తమ మీద కూడా పట్టరాని కోపమొచ్చింది.

"ఇన్నేండ్లు నేను పోకుంటే వాళ్లకు తెల్వదనుకున్న" అన్నాడు మోషే. "గా ఒక్కటనుకునే ఉరికిన."

"నువ్వు ఉరికిన్నాడు ఫోన్లు లేకుండె బాపూ. నువ్వు పోతెనే తెలుస్తుండె."

"ఫోనొచ్చినంక గూడ అనుకున్న సీమోనూ, నిన్న మొన్నటి దాక." మోషే మొహం తుడుచుకుని, కొడుకు బూట్ల వైపు మొదటిసారి పరీక్షగా చూశాడు. "గా పట్నం పందానికి ఎంతమంది వస్తరు?"

"వేలమంది వస్తరంట."

"గంతమందిని ఎవలు పంపుతరు?"

"ఎవ్వలు పంపరు బాపూ. ఎవలకు వాళ్లే వస్తరు."

మోషేకు ఇది నమ్మబుద్ధి కాలేదు. "ఎవలకు వాళ్లే! ఎవ్వలకు ఏం జెప్పేది లేకుండ?"

"ఏం లేకుండ."

"అయితే నన్ను గూడ తీస్కపో" అన్నాడు మోషే. "ఒక్కసారి కండ్లతోని సూడాలె. ఎవ్వలు పంపకుండ ఉరికెటోల్లు ఎట్లుంటరో."

ఎజాజ్ షరతు సంగతి ఎజాజ్‌తోనే తేల్చుకోవచ్చనుకుని సీమోను తల ఊపాడు. తమ ఊరి మీదుగా పోయే బోధన్ బస్సు వస్తే తండ్రిని ఎక్కించి, స్వెటర్ విప్పి చేతికిచ్చాడు. మోషే దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు, ఇంటికి పోయి శారమ్మకు ఈ మాట చెప్పుమని సీమోను అనలేదు, ఏమన్న చెప్పాల్నా అని ఆయనా అడగలేదు. బస్సు పోయాక సీమోను కాలువ కట్ట ఎక్కాడు. కాళ్లు కట్టెలై ఉన్నాయి, ఎండ మొదలైంది, కడుపులో ఏమీ లేదు. ఇంటికి ఏడున్నర మైళ్లు. మెల్లగా పరుగు మొదలుపెట్టాడు.